కొలోన్ చేరని హైదరాబాద్ విమానం

లండన్ ఉత్తర శివారు హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో మొదటి ప్రపంచ యుద్ధకాలపు తేలికపాటి బాంబర్ ఒకటి ఉంది. డీహెచ్ 9ఏ రకానికి చెందిన ఈ విమానం సీరియల్ నంబరు ఎఫ్ 1010. దాన్ని హైదరాబాద్ నిజాం బహూకరించాడని తెలిపే మాటలు, ‘హైదరాబాద్ నంబర్ 12ఏ’ అన్న పేరు దాని ఒంటి మీద ఇంగ్లీషులో రాసి ఉన్నాయి. 1918 అక్టోబర్ 5న ఈ విమానం తూర్పు ఫ్రాన్స్‌లోని ఒక మైదానం నుంచి జర్మనీలోని కొలోన్ నగరం మీద బాంబులు వేయడానికి బయలుదేరిన దళంలో ఉంది. వాతావరణం అడ్డుపడి ఆ దళం కొలోన్ చేరలేక, దారిలోని వేరే పట్టణాల మీద దాడి చేయగా, ఎఫ్ 1010 తిరిగి రాకుండా జర్మన్ భూభాగంలోనే దిగిపోయింది. దళాన్ని గమ్యం నుంచి మళ్ళించింది శత్రువు తుపాకులు కావు, ఆకాశం. అదెలా జరిగిందో అర్థం కావాలంటే గాలి గురించి, మబ్బు గురించి, దిక్సూచి గురించి, మనిషి లోచెవి గురించి 1918 నాటికి ఎంత తెలుసో, ఎంత తెలియదో చూడాలి.

విమానం పేరులోకి హైదరాబాద్ ఎలా వచ్చిందన్నది ముందు చెప్పుకోవాలి. ఆ యుద్ధంలో బ్రిటిష్ సామ్రాజ్యంలోని సంస్థానాధీశులు, సంఘాలు, పట్టణాలు సొమ్మిచ్చి విమానాలు కొనిపెట్టడం, అలా కొన్న విమానం మీద దాత పేరు రాయించడం ఒక పద్ధతిగా సాగింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఒకటి రెండు విమానాలతో సరిపెట్టక, ఒక స్క్వాడ్రన్‌కు, అంటే ఒకే అధికారి కింద ఒకే మైదానం నుంచి ఎగిరే పూర్తి దళానికి సరిపడా డీహెచ్ 9ఏలను సమకూర్చాడు. 1917 నవంబర్ 1న ఇంగ్లండ్‌లో ఏర్పడిన 110వ స్క్వాడ్రన్‌కు అవి దక్కాయి. ఈ రకం విమానంతో మొదట యుద్ధరంగానికి వెళ్ళిన దళం అదే. విమానాలు నిజాం కానుక కావడం వల్ల, ‘హైదరాబాద్’ అన్న మాట ఆ స్క్వాడ్రన్ పేరులోనే శాశ్వతంగా చేరిపోయింది. 1918 జనవరిలో నిజాంకు ‘ఎగ్జాల్టెడ్ హైనెస్’ బిరుదు దక్కడానికి నేపథ్యం కూడా యుద్ధంలో ఆయన అందించిన సాయమే. అయితే బిరుదు నిజాందైనా సొమ్ము రాజ్యానిది, ఆ రాజ్యపు ఆదాయంలో పెద్ద వాటా భూమి శిస్తుది. సింగరేణి బొగ్గు గనుల నూరేళ్ళ గుర్తుగా పేరు పెట్టుకున్న సెంటినరీ కాలనీ ఇవాళ ఉన్న నేల అప్పట్లో నిజాం రాజ్యంలోని కరీంనగర్ జిల్లా పల్లెలది. బొగ్గును అప్పటికి ఇల్లందు పరిసరాల్లోనే తవ్వేవారు, రామగుండం వైపు బాయిలు, అంటే బొగ్గు గనులు, పడటానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. జర్మనీ మీద ఎగిరిన ఆ విమానాల వెనుక తెలంగాణ రైతు కట్టిన శిస్తు ఉందని చెప్పడం అతిశయోక్తి కాదు.

తేలికపాటి బాంబర్ అంటే కొద్ది మంది సిబ్బందితో, కొద్ది బరువు బాంబులతో, వీలైనంత వేగంగా వెళ్ళి రావడానికి తయారైన విమానం. డీహెచ్ 9ఏలో ఇద్దరే ఉంటారు: ముందు పైలట్, వెనుక అబ్జర్వర్. దారి చూడటం, వెనుక నుంచి వచ్చే శత్రువు మీద తుపాకీ పేల్చడం అబ్జర్వర్ పనులు. కర్ర చట్రం మీద గుడ్డ బిగించి, ఆ గుడ్డ గట్టిపడేందుకు డోప్ అనే వార్నిష్ లాంటి ద్రవం పూసిన ఈ విమానం రెక్కల విస్తారం సుమారు 14 మీటర్లు. మోసే బాంబులు సాధారణంగా 104 కిలోలవి రెండు, లేదా 51 కిలోలవి నాలుగు. అంటే మొత్తం 200 కిలోలకు కాస్త ఎక్కువ. నింపుకునే పెట్రోలు బరువు అంతకంటే ఎక్కువ, ఈ వాస్తవంలోనే తేలికపాటి బాంబర్ కష్టమంతా ఉంది. దూరం పెంచాలంటే పెట్రోలు పెరగాలి, పెట్రోలు పెరిగితే బాంబులు తగ్గాలి, రెండూ తగ్గకూడదంటే ఇంజన్ బలం పెరగాలి.

దీనికి ముందు వచ్చిన డీహెచ్ 9 ఇంజన్ దగ్గరే దెబ్బతింది. దాని 230 హార్స్‌పవర్ ఇంజన్ బలహీనమైనదే కాక తరచూ మొరాయించేది. 1918 జులై 31న ఆ విమానాలతో మైంజ్ నగరానికి బయలుదేరిన 99వ స్క్వాడ్రన్ అనుభవం చూస్తే దాని ఫలితం తెలుస్తుంది: 12 విమానాలు లేస్తే, ఇంజన్ ఇబ్బందితో 3 దారిలోనే వెనుదిరిగాయి, మిగిలిన 9 జర్మన్ యుద్ధవిమానాల ఒత్తిడికి మైంజ్ వదిలి దగ్గరలోని సార్‌బ్రూకెన్ వైపు మళ్ళాయి, చివరికి ఇంటికి చేరినవి 2. ఈ నష్టాలకు జవాబుగా నమ్ముకున్న విమానమే డీహెచ్ 9ఏ. ఇంగ్లండ్‌లోని యోవిల్ పట్టణంలో వెస్ట్‌లాండ్ కంపెనీ పాత నమూనా రెక్కలు పెంచి, ఒళ్ళు గట్టిచేసి, అమెరికా నుంచి వచ్చిన లిబర్టీ ఇంజన్ బిగించింది. 12 సిలిండర్లతో 400 హార్స్‌పవర్ ఇచ్చే ఈ ఇంజన్‌ను 1917 వేసవిలో జెస్సీ విన్సెంట్, ఎల్బర్ట్ హాల్ అనే ఇద్దరు ఇంజనీర్లు వాషింగ్టన్‌లోని ఒక హోటల్ గదిలో కూర్చుని వారం లోపే గీసి ముగించారు. దాంతో విమానం భూమట్టం దగ్గర గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగం అందుకుంది, బాంబులతో 15,000 అడుగుల ఎత్తుకు చేరింది, ఐదుంబావు గంటలు గాలిలో ఉండగలిగింది. ఇంజన్ సమస్య చాలావరకు తీరింది. కానీ గమ్యం చేరకుండా ఆపేది ఇంజన్ ఒక్కటే కాదని ఆ శరదృతువులో బయటపడింది.

1918 జూన్‌లో బ్రిటన్ మేజర్ జనరల్ హ్యూ ట్రెంచార్డ్ ఆధ్వర్యంలో ‘ఇండిపెండెంట్ ఫోర్స్’ అనే విభాగాన్ని ఏర్పాటు చేసింది. సైన్యానికి తోడుగా యుద్ధరంగం మీద కాక, జర్మనీ లోపలి ఫ్యాక్టరీలు, రైల్వే యార్డులు, విమాన మైదానాల మీద స్వతంత్రంగా దాడి చేయడం దాని పని కాబట్టి ఆ పేరు వచ్చింది. సెప్టెంబర్ మొదట్లో ఫ్రాన్స్ చేరిన 110వ స్క్వాడ్రన్ వోజ్ ప్రాంతంలోని బెతోంకూర్ అనే పల్లె పక్క మైదానంలో దిగింది. అక్కడి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ సూటిగా సుమారు 265 కిలోమీటర్లు, కొలోన్ సుమారు 290 కిలోమీటర్లు. ఈ విమానాలు పగటిపూట, వి ఆకారపు గుంపులుగా కట్టుకుని ఎగిరేవి. గుంపుగా ఉన్నంతసేపే వెనుక సీట్ల తుపాకులు ఒకదానికొకటి కాపు కాయగలవు, ఒంటరిగా మిగిలిన బాంబర్‌కు అంతకంటే చురుకైన యుద్ధవిమానం ఎదురైతే బతకడం కష్టం. విమానాల మధ్య మాట్లాడుకునే రేడియో లేదు. నాయకుడు రెక్కలు ఊపడం, రంగు వెలుగుల పిస్తోలు కాల్చడం, వీటితోనే సంకేతాలు అందాలి, అంటే ఒకరికొకరు కనపడుతూ ఉండాలి.

ఇంత దూరంలోని నగరాన్ని వెతుక్కుంటూ పోవడానికి వాళ్ళ దగ్గర ఉన్నవి పటం, దిక్సూచి, గడియారం, వేగమాపకం. నేల కనపడినంతసేపు నదులు, రైలు పట్టాలు, అడవుల అంచులు పటంతో పోల్చుకుంటూ పోవచ్చు. నేల కనపడనప్పుడు మిగిలేది డెడ్ రెకనింగ్. బయలుదేరిన చోటు నుంచి ఏ దిక్కుకు, ఎంత వేగంతో, ఎంతసేపు వెళ్ళామో లెక్క గట్టి ఇప్పుడు ఎక్కడున్నామో తేల్చుకునే పద్ధతి. సెంటినరీ కాలనీ చుట్టుపక్కల భూగర్భ గనుల్లో పనిచేసే సర్వేయర్లకు దీని తోబుట్టువు లాంటి పద్ధతి చేతిలోనే ఉంది. బాయి లోపల సూర్యుడు, నక్షత్రం, కొండగుర్తు ఏదీ ఉండదు కాబట్టి, పైన స్థానం తెలిసిన బిందువు నుంచి మొదలుపెట్టి, రూఫ్‌కు బిగించిన ఒక్కో స్టేషన్ నుంచి తర్వాతి స్టేషన్‌కు కోణాన్ని థియోడలైట్‌తో, దూరాన్ని టేపుతోనో కాంతి కిరణంతోనో కొలుచుకుంటూ లోపలికి పోతారు. రెండు వైపుల నుంచి తోలుకొస్తున్న గ్యాలరీలు సరిగ్గా ఎదురెదురుగా కలవడం ఆ కొలతల లెక్క మీదే ఆధారపడుతుంది, ప్రతి కొలతలోని చిన్న తప్పు తర్వాతి వాటిలోకి చేరుతూ పెరుగుతుందని సర్వేయర్‌కు తెలుసు కనుకే తిరుగు కొలత వేసి సరిచూస్తాడు. బాయిలో ఒక అనుకూలం ఉంది, బిగించిన స్టేషన్ బిగించిన చోటే ఉంటుంది. ఆకాశంలో విమానం ఆనుకుని ఉన్న గాలే మొత్తంగా కదిలిపోతూ ఉంటుంది, ఆ కదలిక వేగమాపకంలో కనపడదు, దిక్సూచిలోనూ కనపడదు.

వేగమాపకం చెప్పేది గాలిలో విమానం వేగం. నేల మీద దాని అసలు వేగం, అసలు దిక్కు తెలియాలంటే ఆ వేగానికి గాలి వేగాన్ని దిక్కుతో సహా కలపాలి. ఈ మూడూ మూడు భుజాలుగా గీసే బొమ్మనే గాలి త్రిభుజం అంటారు. ఉదాహరణకు గంటకు 160 కిలోమీటర్ల వేగంతో ఎగిరే విమానానికి 50 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేల మీద వేగం 110 మాత్రమే. గాలి లేని రోజున 290 కిలోమీటర్లు పోయి రావడానికి 3 గంటల 37 నిమిషాలు చాలు. ఈ ఎదురుగాలిలో పోవడానికే 2 గంటల 38 నిమిషాలు పడుతుంది, వచ్చేటప్పుడు అదే గాలి వెనుక నుంచి తోసినా 1 గంట 23 నిమిషాలు పడుతుంది. పోయేటప్పుడు పోగొట్టుకున్న కాలం వచ్చేటప్పుడు పూర్తిగా తిరిగి రాదు. నెమ్మదిగా సాగే దిక్కులో ఎక్కువసేపు ఉండాల్సి రావడమే దీనికి కారణం. ఈ నాలుగు గంటలకు, బాంబుల బరువుతో 15,000 అడుగులు ఎక్కడానికి, దళం మొత్తం వరుసలో కుదురుకోవడానికి పట్టే ముప్పావు గంటను కలిపితే, ఐదుంబావు గంటల పెట్రోలులో మిగిలేది అరగంట. యుద్ధవిమానాలు ఎదురై ఇంజన్‌ను పూర్తి బలంతో నడపాల్సి వస్తే ఆ అరగంట కూడా మిగలదు. పక్కగాలి సంగతి వేరు. అదే 50 కిలోమీటర్ల గాలి పక్క నుంచి వీస్తే, విమానం ముక్కును 18 డిగ్రీలు గాలివైపు తిప్పి పట్టుకోకపోతే గంట గడిచేసరికి దారికి 50 కిలోమీటర్ల దూరంలో తేలుతుంది.

ఎత్తులో గాలి ఎంత ఉందో కొలిచే పద్ధతి అప్పటికే ఉంది. హైడ్రోజన్ నింపిన చిన్న బెలూన్‌ను వదిలి, థియోడలైట్‌తో దాన్ని వెంబడిస్తూ, నిమిష నిమిషానికి అది జరిగిన కోణాన్ని బట్టి ఒక్కో ఎత్తులో గాలి దిక్కు, వేగం లెక్కగట్టేవారు. కానీ బెలూన్ మబ్బులోకి పోగానే కనుమరుగవుతుంది. అంటే నేల కనపడక గాలి లెక్క మీదే ఆధారపడాల్సిన రోజునే గాలి కొలత దొరకదు; దొరికినా అది సొంత మైదానం మీది గాలి, మూడు వందల కిలోమీటర్ల అవతల రైన్ లోయ మీది గాలి కాదు.

మబ్బు తెచ్చే కష్టం దారి కనపడకపోవడంతో ఆగదు. మనిషి లోచెవిలో మూడు అర్ధవలయ నాళాలు ఉంటాయి; తల తిరిగినప్పుడు వాటిలోని ద్రవం కాస్త వెనకబడి, నాళం లోపలి సున్నితమైన రోమాలను వంచి, ‘తిరుగుతున్నాం’ అన్న సమాచారాన్ని మెదడుకు పంపుతుంది. తిరగడం ఒకే తీరున కొనసాగితే ఇరవై సెకన్లు దాటేసరికి ద్రవం నాళంతో సమానంగా కదలడం మొదలుపెట్టి ఆ సమాచారం ఆగిపోతుంది. విమానం ఇంకా ఒరిగి తిరుగుతూనే ఉన్నా మనిషికి సూటిగా పోతున్నట్టే తోస్తుంది. అప్పుడు పైలట్ దాన్ని సరిచేస్తే ఎదురు దిక్కుకు తిరుగుతున్నట్టు అనిపించి, మళ్ళీ పాత ఒరుగులోకే తెచ్చుకుంటాడు. దిక్చక్రం, అంటే నేలా ఆకాశం కలిసే గీత కనపడేటప్పుడు కన్ను ఈ తప్పును దిద్దుతుంది. మబ్బులో ఆ గీత ఉండదు. ఎంత నేర్పరి పైలట్ అయినా మబ్బులో కొద్ది నిమిషాలకే విమానాన్ని సుడిలోకి జార్చుకోవడం ఆ రోజుల్లో మామూలు విషయం, ఇది ధైర్యానికి సంబంధించినది కాదు, శరీర నిర్మాణానికి సంబంధించినది.

అలాంటప్పుడు దిక్సూచిని నమ్ముకోవచ్చు కదా అనిపిస్తుంది, అక్కడ ఇంకో చిక్కు ఉంది. భూమి అయస్కాంత క్షేత్రం నేలకు సమాంతరంగా ఉండదు. భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ అది నేలలోకి వాలుతుంది, జర్మనీలో ఆ వాలు 65 డిగ్రీల దాకా ఉంటుంది. విమానం మలుపు తిరుగుతూ ఒరిగినప్పుడు దిక్సూచి కూడా ఒరుగుతుంది, దాంతో ఈ కిందికి లాగే బలం సూదిని పక్కకు గుంజుతుంది. ఉత్తర దిక్కుగా పోయేటప్పుడు ఈ లోపం అన్నిటికంటే ఎక్కువ: విమానం కుడికి తిరగడం మొదలుపెడితే దిక్సూచి కదలిక చూపకపోవడమో, ఎడమకు తిరుగుతున్నట్టు చూపడమో జరుగుతుంది. ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీలో శరీరధర్మ శాస్త్రవేత్త కీత్ లూకస్ ఈ లోపాన్ని పరిశీలించి మెరుగైన దిక్సూచి కోసం శ్రమించాడు. 1916 అక్టోబర్ 5న గాలిలో రెండు విమానాలు ఢీకొన్న ప్రమాదంలో ఆయన మరణించాడు. బెతోంకూర్ నుంచి కొలోన్ దాదాపు సూటిగా ఉత్తరాన ఉంది. దిక్సూచి ఎక్కడ ఎక్కువ మోసం చేస్తుందో సరిగ్గా ఆ దిక్కునే హైదరాబాద్ దళం పోవాల్సి వచ్చింది.

1918 అక్టోబర్ 5న ఎఫ్ 1010ను నడిపినవాడు కెప్టెన్ ఆండ్రూ ఇంగ్లిస్, వెనుక సీట్లో అబ్జర్వర్ సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీ. 15,000 అడుగుల ఎత్తులో గాలి పీడనం భూమట్టంలో ఉండే పీడనంలో సగానికి కాస్త పైన ఉంటుంది, ఉష్ణోగ్రత సగటున సున్నాకు 15 డిగ్రీలు కింద ఉంటుంది. పైకప్పు లేని ఆ సీట్లలో తోలు కోట్లు, బొచ్చు బూట్లు వేసుకుని గంటల తరబడి కూర్చోవాలి. దారి మూసుకుపోవడంతో కొలోన్ ఆశ వదులుకున్న దళం కైజర్స్‌లౌటెర్న్, పిర్మసెన్స్ పట్టణాల మీద బాంబులు వేసింది. మొదటిది బెతోంకూర్ నుంచి సుమారు 165 కిలోమీటర్లు, రెండోది 140. అంటే కొలోన్ దూరంలో సుమారు సగం మాత్రమే సాగిన ప్రయాణం. ఆ రోజు నాలుగు విమానాలు తిరిగి రాలేదు. వాటిలో ఎఫ్ 1010 ఒకటి. ఇంగ్లిస్, బాడ్లీ ఇద్దరూ బతికి జర్మన్ల చేతిలో బందీలయ్యారు.

పదహారు రోజుల తర్వాత, అక్టోబర్ 21న స్క్వాడ్రన్ మళ్ళీ కొలోన్‌కే బయలుదేరింది. ఈసారి మబ్బుల్లో గుంపు చెదిరిపోయింది, విడిపోయిన విమానాలు ఒక్కొక్కటిగా దొరికిపోయాయి, ఏడు తిరిగి రాలేదు, కమాండర్ మేజర్ రేనాల్డ్స్ కూడా బందీ అయ్యాడు. సెప్టెంబర్ మధ్య నుంచి యుద్ధం ముగిసేదాకా రెండు నెలలు కూడా నిండని కాలంలో ఆ దళం పోరులో పోగొట్టుకున్న విమానాలు 17, ప్రమాదాల్లో ధ్వంసమైనవి 28. పోరులో పోయినవాటి కంటే ప్రమాదాల్లో పోయినవి ఎక్కువన్నది ఈ లెక్కలో గమనించాల్సిన విషయం.

జర్మన్లకు దొరికిన ఎఫ్ 1010 బెర్లిన్ చేరి, 1936లో అక్కడ తెరిచిన విమానాల మ్యూజియంలో ప్రదర్శనకు నిలిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే ఆ మ్యూజియంలోని కొన్ని విమానాలను పోలండ్ వైపు తరలించారు. అలా చివరికి అది పోలండ్‌లోని క్రాకో నగర మ్యూజియానికి చేరింది. 1977లో బ్రిటన్ ఒక స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాన్ని క్రాకోకు ఇచ్చి దీన్ని మార్పిడిగా తెచ్చుకుని మరమ్మతు చేయించింది. నిజాం సొమ్ముతో ఎగిరిన విమానాల్లో గమ్యం చేరని ఈ ఒక్కటే నేడు పూర్తి రూపంలో చూడటానికి మిగిలింది.

1918 తర్వాత ఇరవై ఒక్క ఏళ్ళకు అదే 110వ స్క్వాడ్రన్‌కు రెండో యుద్ధంలో బ్రిటన్ చేసిన మొదటి బాంబు దాడిలో పాలు పంచుకునే పని పడింది. 1939 సెప్టెంబర్ 4న, యుద్ధం ప్రకటించిన మర్నాడు, రెండు ఇంజన్ల తేలికపాటి బాంబర్లు బ్లెన్‌హైమ్‌లు పదిహేను, జర్మనీ ఉత్తర తీరంలోని విల్‌హెల్మ్స్‌హాఫెన్ దగ్గర లంగరేసిన యుద్ధనౌకల మీదికి బయలుదేరాయి. 110, 107, 139 స్క్వాడ్రన్ల నుంచి ఐదేసి విమానాలు వెళ్ళాయి. సుమారు 500 కిలోమీటర్ల దారిలో ఎక్కువ భాగం సముద్రమే, మబ్బు బాగా కిందికి దిగి ఉంది. ఫ్లైట్ లెఫ్టినెంట్ కెన్నెత్ డోరన్ నడిపిన 110వ దళం ‘అడ్మిరల్ షేర్’ నౌకను చేరి బాంబులు వేసింది, అవి నౌక మీద పడినా పేలలేదు. 107వ దళంలో నాలుగు కూలిపోయాయి. 139వ దళంలోని ఐదూ లక్ష్యాన్ని కనుక్కోలేక బాంబులతోనే ఇంటికి తిరిగాయి. అదే రోజు దారి తప్పిన ఒక బ్రిటిష్ విమానం బాంబులు తటస్థ దేశమైన డెన్మార్క్‌లోని ఎస్బియర్గ్ పట్టణం మీద పడ్డాయి. విమానం లోహంతో తయారైంది, వేగం రెండింతలు దాటింది, కానీ గాలి త్రిభుజం గీసే పద్ధతి 1918లో ఉన్న చోటు నుంచి పెద్దగా కదలలేదు.

మన సముద్రంలోనూ ఇదే కనపడుతుంది. 1942 ఏప్రిల్ 5న జపాన్ విమానవాహక నౌకలు కొలంబో మీద దాడి చేసినప్పుడు, 11వ స్క్వాడ్రన్ బ్లెన్‌హైమ్‌లు ఆ నౌకలను వెతుక్కుంటూ పోయి కనుక్కోలేక తిరిగి వచ్చాయి. మర్నాడు ఏప్రిల్ 6న ‘ర్యూజో’ నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఏప్రిల్ 9న బ్లెన్‌హైమ్‌లు మళ్ళీ బయలుదేరి, ఈసారి తొమ్మిది ‘అకాగి’ నౌకను చేరగలిగినా, బాంబులు పక్కన పడ్డాయి, ఐదు విమానాలు పోయాయి. కదిలే నౌకను విశాలమైన సముద్రం మీద పట్టుకోవడం, కదలని నగరాన్ని మబ్బు మీది నుంచి పట్టుకోవడం కంటే కష్టం. అక్కడ గాలితో పాటు గమ్యం కూడా జరుగుతూ ఉంటుంది.

గమ్యం చేరామని పైలట్లు నిజాయితీగా నమ్మి చెప్పిన మాట ఎంతవరకు నిజమో మొదటిసారి కొలిచిన పత్రం 1941 ఆగస్టులో వచ్చింది. డేవిడ్ బట్ అనే ప్రభుత్వోద్యోగి రాత్రి దాడుల్లో బాంబులు వేసే క్షణాన తీసిన 633 ఫోటోలను పరిశీలించి, లక్ష్యం మీద దాడి చేశామన్న విమానాల్లో మూడింట ఒకటే దానికి 8 కిలోమీటర్ల లోపు చేరిందని, మసక కమ్మిన రూర్ పారిశ్రామిక ప్రాంతంలో పదింట ఒకటే చేరిందని తేల్చాడు. యుద్ధంలో ఉన్న ఒక దేశం తన వైఫల్యాన్ని తనే ఇంత కచ్చితంగా కొలుచుకున్న సందర్భాలు అరుదు, ఆ పని చాలా విలువైనది. ఆ తర్వాతే రేడియో తరంగాలతో స్థానం తెలిపే ‘గీ’, ‘ఓబో’ వంటి పద్ధతులకు ఊపు వచ్చింది. గీలో మూడు భూకేంద్రాల నుంచి వచ్చే సంకేతాలు విమానాన్ని చేరే కాలంలోని తేడాను బట్టి స్థానం తెలుస్తుంది. ఓబోలో రెండు భూకేంద్రాలు విమానం దూరాన్ని కొలిచి, బాంబు వదలాల్సిన క్షణాన్ని నేల నుంచే చెబుతాయి. నేల మీది కేంద్రాల నుంచి సూటిగా కనపడాలి కాబట్టి ఓబోకు బాగా ఎత్తున ఎగిరే విమానం కావలసి వచ్చింది, ఆ పాత్ర కర్రతో తయారైన మాస్కిటో అనే తేలికపాటి బాంబర్‌కు దక్కింది. గాలి ఎటు నెట్టినా స్థానం బయటి నుంచి తెలిసిపోతుంది కాబట్టి, త్రిభుజంలోని తెలియని భుజం పెట్టే ఇబ్బంది ఆ మేరకు తీరింది.

మబ్బులోని భ్రమకు జవాబు అంతకుముందే దొరికింది. వేగంగా తిరిగే చక్రం తన అక్షం దిక్కును వదలదన్న సూత్రం మీద పనిచేసే గైరోస్కోప్‌లతో కృత్రిమ దిక్చక్రం, దిక్కు చూపే గైరో తయారయ్యాయి. 1929 సెప్టెంబర్ 24న అమెరికన్ పైలట్ జేమ్స్ డూలిటిల్ బయటికి ఏమీ కనపడకుండా కప్పేసిన సీటులో కూర్చుని, ఇలాంటి పరికరాల ఆధారంతోనే విమానం లేపి, తిప్పి, దించాడు. అదే సూత్రం మీద భూభ్రమణాన్ని బట్టి నిజమైన ఉత్తరాన్ని చూపే గైరో థియోడలైట్ భూగర్భ గనుల సర్వేలోకి కూడా వచ్చింది.

దారి తెలియడం వల్ల వచ్చిన ఫలితాన్ని కూడా దాచకుండా చెప్పాలి. 1942 మే 30 రాత్రి వెయ్యికి పైగా బ్రిటిష్ బాంబర్లు బయలుదేరాయి; గీ సాయంతో ముందు నడిచిన విమానాల వెనుక, వాటిలో ఎక్కువ భాగం అదే కొలోన్ చేరాయి. నేల మీద నాలుగు వందల యాభై మందికి పైగా చనిపోయారు, వేల ఇళ్ళు కాలిపోయాయి. 1918లో హైదరాబాద్ విమానాలను ఆపిన మబ్బు ఆ నగర పౌరులకు ఒక రక్షణగా కూడా నిలిచిందని ఒప్పుకోవాలి.

సెంటినరీ కాలనీలోనే ఉన్న జేఎన్‌టీయూ మంథని ఇంజనీరింగ్ కళాశాలలో మైనింగ్, మెకానికల్ చదివే విద్యార్థులకు ఈ ప్రయాణం చక్కని లెక్క అవుతుంది: దూరాలు, వేగాలు, పెట్రోలు పరిమితి పైన ఉన్నాయి, గాలి దిక్కును మార్చి మార్చి గీసి చూస్తే ఏ గాలిలో కొలోన్ అందుతుందో, ఏ గాలిలో అందదో వాళ్ళే తేల్చగలరు. చరిత్ర వైపు పని ఇంకా ఎక్కువ ఉంది. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు ఫర్మానాలు, ఆర్థిక శాఖ దస్త్రాలు భద్రంగా ఉన్నాయి. ఈ విమానాలకు సొమ్ము ఏ పద్దు కింద, ఏ తేదీన, ఎంత వెళ్ళిందో ఉర్దూ, ఫారసీ చదవగల యువ పరిశోధకులు వెతికి తెలుగులో ప్రచురించాలి, హైదరాబాద్ మ్యూజియాలు ఎఫ్ 1010 ఫోటో ఒకటి, తెలుగు వివరణతో సహా, తమ గోడ మీద పెట్టాలి.